నాలుగు కొండల ఏకగ్రీవం

“మహారాజుగారు స్వర్గస్థులయ్యారని పెద్దల సభ ఏకగ్రీవంగా తీర్మానించింది. ప్రజలు యథాప్రకారం తమ పనులు చూసుకోవలెను. దుఃఖించు విధానం గురించి వేరే ఉత్తర్వు వెలువడును.”

మా రాజధాని సొరబొల్ కోట గుమ్మానికి అంటించిన ఈ ప్రకటన నా చేతిరాతే. రాత ముత్యాల్లా ఉందని చాలామంది మెచ్చుకున్నారు. విషయం గురించి ఎవరూ ఏమీ అనలేదు. మా సిల్లా దేశంలో రాత గురించి మాట్లాడుకోవడమే క్షేమం.

నిజానికి మహారాజుగారు మూడో తేదీ పొద్దున్నే పోయారు. అయితే మా సభలో పదిమంది పెద్దలుంటారు. పదిమందీ ఒప్పుకుంటేనే ఏదైనా జరిగినట్టు. ఒక్కరు తల అడ్డంగా ఊపినా అది జరగనట్టే. ఆ రోజు తొమ్మిదిమంది కళ్ళు ఒత్తుకుంటూ ఒప్పుకున్నారు. పదో ఆయన గిల్‌మూన్ గారు. డెబ్భై ఆరేళ్ళ మనిషి. “మొన్న చూసినప్పుడు బాగానే ఉన్నాడే!” అన్నారు. ఆయన్ని మంచం దగ్గరికి తీసుకెళ్ళి, మహారాజుగారి చెయ్యి పట్టి చూపించి, నచ్చజెప్పేసరికి ఐదో తేదీ మధ్యాహ్నమైంది. ఈలోగా రాజముద్రతో తొమ్మిది ఉత్తర్వులు వెలువడ్డాయి. అందులో రెండు చాలా మంచివి. బతికున్న రోజుల్లో ఆయన అంత చురుగ్గా ఉండగా నేను చూడలేదు.

నా పేరు సొక్‌బో. సభకు లేఖకుణ్ణి. ఇరవై రెండేళ్ళుగా నేను రాసే వాక్యం ఒక్కటే: ‘సభ ఏకగ్రీవంగా తీర్మానించింది.’ తీరిక దొరికినప్పుడల్లా ఓ యాభై కాగితాల మీద ముందే రాసి పెట్టుకుంటాను. ఏం తీర్మానించారో తర్వాత నింపుకోవచ్చు.

మా దగ్గర మనిషి విలువ అతని ఎముకలో ఉంటుంది. రాజవంశానిది పవిత్ర ఎముక. సభలో పెద్దలది నిజ ఎముక. నాది ఆరో తరగతి ఎముక. ఆరో తరగతి వాడి గది ఇరవై ఒక్క అడుగులు దాటకూడదు. వాడి గుర్రపు రికాబులకు వెండి తగలకూడదు. వాడి అంగీ చేతులు ఇంత వెడల్పే ఉండాలి. అభిప్రాయాల సంగతి రూల్సులో ఎక్కడా లేదు. అందుకని ముందుజాగ్రత్తగా నేను వాటిని పెట్టుకోలేదు.

ఇక రాజ్యానికి వచ్చిన చిక్కు చెబుతాను. పవిత్ర ఎముకలో మగవాళ్ళు అయిపోయారు. మిగిలింది మహారాజుగారి ఒక్కగానొక్క కూతురు, యున్‌మాన్ రాకుమారి. మహారాజుగారు ఆరేళ్ళుగా పక్షవాతంతో మంచంలో ఉన్నారు. ఆ ఆరేళ్ళూ రాజ్యం నడిపింది ఆవిడే. ఏ కోటలో ఎన్ని బస్తాల బియ్యం ఉన్నాయో, ఏ చెరువుగట్టు ఎవరు కట్టారో, కట్టకుండా ఎవరు కట్టామన్నారో ఆవిడకు నోటికి వచ్చు. మహారాజుగారు పోయాక వచ్చిన ఆ తొమ్మిది ఉత్తర్వుల రహస్యం చదువరులకు వేరే చెప్పనక్కర్లేదు.

ఆవిడ సింహాసనం అడిగారు. దయచెయ్యమని అడగలేదు, నాదే కదా ఇవ్వండి అన్నారు.

దానికి మా రాజ్యంలో పద్ధతి ఉంది. కొత్త రాజు ఎవరన్నది కోటలో తేల్చకూడదు. నగరం చుట్టూ నాలుగు దిక్కులా నాలుగు పుణ్యపు కొండలున్నాయి. ముందు తూర్పు కొండ మీద సభ. అక్కడ ఏకగ్రీవం కుదరకపోతే వారానికి దక్షిణపు కొండ. తర్వాత పడమర. ఆఖరికి ఉత్తరం. ఉత్తరపు కొండ మీద పొద్దు గుంకేలోగా పదిమందీ ఒప్పుకోకపోతే ఆ పేరు రద్దయినట్టే. అప్పుడు సింహాసనం సభాధ్యక్షుడికి పోతుంది. సభాధ్యక్షులు సుచొన్ గారు. మహారాజుగారికి పినతండ్రి కొడుకు, తల్లి వల్ల నిజ ఎముకే; రాకుమారికి బాబాయి.

తనకు ఆ సింహాసనం మీద ఏమాత్రం ఆశ లేదని సుచొన్ గారు నాతో రోజుకు రెండుసార్లు చెప్పేవారు. ఒకవేళ నేను మరిచిపోతానేమోనని రాసి పెట్టుకోమన్నారు కూడా.

తూర్పు కొండ మీద సభ ఎంతో శోభాయమానంగా జరిగింది. పెద్దలు పల్లకీల్లో ఎక్కారు. నేను సిరా, కాగితాలు, నా వయసు మోసుకుంటూ ఎక్కాను. రాకుమారి ఓ పక్కగా తెర వెనక కూర్చున్నారు. ఆవిడ పక్కన దాది మల్‌జి విసనకర్ర పట్టుకుని నిలబడింది. పాలిచ్చి పెంచిన మనిషి. నోటికి అదుపు లేదు, అవసరమూ లేదు.

సుచొన్ గారు లేచి గొంతు సవరించుకున్నారు. “నా తల్లి యున్‌మాన్! ఈ చేతుల మీద పెరిగిన పిల్ల! ఆమెను మించిన పాలకులు ఈ నేల మీద పుట్టలేదు. ఆమె కోసం నా ప్రాణమైనా ఇస్తాను!”

“ఆ చేతుల మీదే,” అని తెర వెనక నుంచి మల్‌జి నాకు వినపడేలా అంది. “ఎత్తుకున్న మొదటి రోజే కింద పడేశాడు.”

మిగతా ఎనిమిదిమంది ఒకరిని మించి ఒకరు పొగిడారు. ఒకాయన ఆవిడ తెలివిని సముద్రమన్నాడు. తర్వాతి ఆయనకు సముద్రం దొరకలేదు, ఆకాశమన్నాడు. ఇద్దరు ఏడ్చారు. ఒకాయన నిజంగానే ఏడ్చాడు. ఎండకు ఆయన కళ్ళు మండుతాయి.

చివరికి గిల్‌మూన్ గారి వంతు వచ్చింది. ఆయన గడ్డం గోక్కుని, “వద్దు” అన్నారు.

“ఎందుకు వద్దు అన్నయ్యగారూ?” అని సుచొన్ గారు గుండె మీద చెయ్యి వేసుకున్నారు. ఆ గొంతులో బాధ విని నేను చలించిపోయాను. నేను త్వరగా చలిస్తాను. ఉద్యోగానికి పనికొస్తుంది.

“ఎందుకా? మీరు తొమ్మిదిమందీ ఒక మాట మీద ఉన్నారు. నలభై ఏళ్ళుగా చూస్తున్నాను. మీరందరూ ఒక మాట మీద ఉన్నారంటే అది తప్పే అయ్యుంటుంది.”

సభ ముగిసింది. కొండ దిగుతూ తొమ్మిదిమంది పెద్దలూ గిల్‌మూన్ గారి మొండితనాన్ని తిట్టుకున్నారు. తిట్టుకుంటూనే ఒకరి పొట్టలో ఒకరు వేలు పొడుచుకుని నవ్వుకున్నారు. దుఃఖం ఎక్కువైతే అలాగే ఉంటుందేమో.

ఉపన్యాసాలన్నీ నేను శుభ్రంగా ప్రతులు తీసి నగరంలో నాలుగు గుమ్మాలకూ అంటించాను. సుచొన్ గారే అంటించమన్నారు. ప్రజలు గుంపులుగా చదివారు. సుచొన్ గారిది ఎంత విశాల హృదయమో అని చేపలమ్మే ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు.

దక్షిణపు కొండ మీద ఉపన్యాసాలు ఇంకా పెరిగాయి. ఈసారి సుచొన్ గారు రాకుమారి పట్టాభిషేకానికి తన ఇంటి పైకప్పు పెంకులు తీసి ఇస్తానన్నారు. గిల్‌మూన్ గారు ఆ పెంకులన్నీ అయ్యేదాకా విని “వద్దు” అన్నారు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఎండుచేప, బియ్యపు సారా పంచారు. నాక్కూడా చేప తోక వచ్చింది.

మర్నాడు పొద్దున రాకుమారి నన్ను పిలిపించారు.

“సొక్‌బో, గిల్‌మూన్ తాతగారింటికి వెళ్తున్నాను. నువ్వూ రా. ఏం జరిగిందో రేపు ఎవరైనా అడిగితే చెప్పడానికి ఒకడు కావాలి.”

“చెప్పడానికి నేను పనికిరానమ్మా. రాయడానికైతే పనికొస్తాను.”

“రాయకుండా ఉండటానికి కూడా పనికొస్తావుగా. పద.”

గిల్‌మూన్ గారు అరుగు మీద కూర్చుని పైన్ గింజలు ఒలుచుకుంటున్నారు. రాకుమారిని చూసి లేవలేదు. మోకాళ్ళ నొప్పి. లోపల్నుంచి పుట్టగొడుగుల చారు తెప్పించి, “వేడిగా ఉంది, ఊదుకుని తాగు” అన్నారు.

రాకుమారి చారు తాగారు. గిన్నె కింద పెట్టి, “తాతగారూ, ఆ తొమ్మిదిమంది ఒక మాట మీద ఉన్నారని కదా మీరు వద్దంటున్నారు?” అన్నారు.

“అంతే మరి.”

“వాళ్ళు ఒక మాట మీద ఉన్నారు గానీ అది మీరు విన్న మాట కాదు. వాళ్ళెవరికీ నేను అక్కర్లేదు.”

గిల్‌మూన్ గారి చేతిలో గింజ ఆగింది. “ఎవరికీ?”

“ఒక్కరికీ లేదు. మీరు ఎలాగూ వద్దంటారని ధైర్యం. మీ ‘వద్దు’ మీద కూర్చుని తొమ్మిదిమంది దర్జాగా ‘సరే’ అంటున్నారు. చెడ్డపేరు మీకు, మంచిపేరు వాళ్ళకు, సింహాసనం బాబాయికి.”

ముసలాయన ఒలిచిన గింజలు పక్కకు నెట్టారు. తర్వాత నావైపు తిరిగి, “ఏమయ్యా రాతగాడా, నిజమేనా?” అన్నారు.

నాకు అభిప్రాయాలు లేవని ముందే మనవి చేశాను. నేలచూపులు చూశాను. మా దేశంలో దాన్ని ‘అవును’ కిందే లెక్క వేస్తారు.

“అయితే తొమ్మిదిమందికీ లోపల వద్దనే ఉందా?”

“ఉంది తాతగారూ.”

“అయితే నాకు సమ్మతమే,” అన్నారు గిల్‌మూన్ గారు. “కానీ ఒక్కటి అడుగుతాను. ఉత్తరపు వాగు గట్టు తెగిందనుకో. ముందు ఎవర్ని పిలుస్తావు?”

“ఆ గట్టు కట్టామని చెప్పినవాణ్ణి. వాణ్ణి ఆ గండి దగ్గరే, కింది పక్కన నిలబెట్టి కట్టిస్తాను.”

ఆయన పకపకా నవ్వారు. ఆయనకు నవ్వు వస్తుందని సొరబొల్‌లో ఎవరికీ తెలియదు. “మీ తాత ఇలాగే మాట్లాడేవాడు. మీ నాన్న సరేలే. నువ్వు కూర్చోవాలమ్మా ఆ కుర్చీలో. ఆడపిల్లవైతే ఏం, బుర్ర ఉంది. ఆ తొమ్మిదిమందిలో వెతికినా దొరకదు.”

తిరుగుదారిలో రాకుమారి పల్లకీ తెర తీసి ఉంచారు. ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి. “సొక్‌బో, నేను సరిపోతానని ఇంతవరకు ఎవరూ అనలేదు. నాన్న కూడా అనలేదు,” అన్నారు. రాసిపెట్టుకున్న వాక్యాల్లో దానికి సరిపడేది లేదు.

పడమటి కొండ మీద తొమ్మిది ఉపన్యాసాలూ అయ్యాయి. గిల్‌మూన్ గారు లేచి, “సమ్మతం” అన్నారు.

తొమ్మిదిమంది పెద్దలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఇప్పుడు వద్దనాల్సిన మనిషి వాళ్ళలోనే ఉండాలి. అయితే ఆ మనిషి పెంకులూ ప్రాణాలూ ఇస్తానని నాలుగు గుమ్మాల మీదా రాసి ఉంది. నేను సిద్ధంగా ఉన్న కాగితం తీసి కలం సిరాలో ముంచాను. సుచొన్ గారు నన్ను చూసిన చూపుకి మళ్ళీ బయటికి తీశాను.

“సమ్మతమా!” అన్నారు సుచొన్ గారు. “ఆనందం! మహదానందం! అయితే... ఆనందంలో తొందరపడకూడదు. పూర్వీకుల గుడి సంగతి ఒకటుంది. నైవేద్యం పెట్టాల్సింది రాజు. ఆడది పెడితే పూర్వీకులు ముట్టరు. నాకు అభ్యంతరం లేదు. అభ్యంతరం వాళ్ళది.”

తెర వెనక నుంచి రాకుమారి గొంతు వినిపించింది. “ఆరేళ్ళుగా నాన్న బదులు నేనే పెడుతున్నాను బాబాయ్‌గారూ.”

“అందుకే పాపం చిక్కిపోయి ఉంటారు,” అన్నారు సుచొన్ గారు. ఎనిమిదిమందీ ఆకలిగొన్న పూర్వీకుల్ని తల్చుకుని నిట్టూర్చారు. సభ ఉత్తరపు కొండకు వాయిదా పడింది.

ఆ వారం రోజులూ కోటలో రాకుమారి అన్నం సరిగా తినలేదు. గది ఈ చివర నుంచి ఆ చివరకు తిరిగేవారు. మల్‌జి బియ్యపు రొట్టె చేతిలో పట్టుకుని వెనకాలే తిరిగేది.

“ఆడదాన్నని కదా వీళ్ళ ఏడుపు. ఇంకేమన్నా ఉంటే మార్చుకునేదాన్ని. ఇదెలా మార్చుకోను?”

ఇక్కడ నేను చేసిన ఘనకార్యం చెప్పాలి. చరిత్రలో నా పేరు రాయరు, కాబట్టి నేనే చెప్పుకుంటున్నాను.

“అమ్మా, రికార్డుల్లో ఒక పూర్వ ఉదాహరణ ఉంది,” అన్నాను. “నాలుగేళ్ళ కిందట పొరుగు రాజ్యం పెక్చె సైన్యం మన పడమటి కోట పట్టుకుంది. పట్టుకోలేదని సభ ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ కోటకు ఇప్పటికీ ఏటా మనం కొత్త అధికారిని నియమిస్తున్నాం. ఆయన ఇక్కడే ఉంటాడు గానీ కోట మనదే. సభ ఏకగ్రీవంగా అన్నది నిజమవుతుంది. కనుక... తమరు మగవారని సభ తీర్మానిస్తే...”

మల్‌జి చేతిలో రొట్టె నా మీదకు విసిరింది. “ఏమయ్యా సొక్‌బో! నేను పాలిచ్చాను, నీళ్ళు పోశాను. మగబిడ్డయితే నాకు తెలియదా? ఆ కొండెక్కే ముసలాళ్ళకు తెలుస్తుందా?”

రాకుమారి ముందు నవ్వారు. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వారు. తర్వాత నవ్వు ఆగిపోయింది. కిటికీలోంచి సింహాసన మండపం కప్పు కనపడుతుంది. అటే చూస్తూ నిలబడ్డారు.

“బాబాయి ఒప్పుకుంటాడా?”

సుచొన్ గారు ఒప్పుకున్నారు. ఎందుకొప్పుకున్నారో నాకు మొదట అర్థం కాలేదు. పొగడ్తలు గుమ్మాల మీద ఎండిపోయి అతుక్కున్నాయి, గీకినా రావట్లేదు, అదొక కారణం. రెండోది ఆయనే చెప్పారు. “మంచి ఆలోచనయ్యా! ఒకే ఒక్క చిన్న షరతు. పట్టాభిషేకం అయ్యాక ఒక చిన్న కాగితం మీద ముద్ర వేస్తే చాలు. దాన్ని గురించి అప్పుడు మాట్లాడుకుందాం.” ఏం కాగితమని రాకుమారి అడగలేదు. అడిగితే తెలుస్తుందని భయపడ్డారేమో. నాకూ తెలుసుకోవాలని లేదు. ఎందుకంటే ఆ ఆలోచన ఇచ్చినందుకు నా అంగీ చేతులు ఒక వేలు వెడల్పు పెంచుకోవచ్చని ఆయన మాటిచ్చారు.

ఉత్తరపు కొండ. మబ్బు లేని రోజు. సుచొన్ గారు తీర్మానం చదివారు: “యున్‌మాన్ గారు పురుషులని, పుట్టినప్పటి నుంచీ పురుషులేనని, ఎవరికైనా వేరే విధంగా కనిపించి ఉంటే అది వారి దృష్టి లోపమని ఈ సభ తీర్మానిస్తోంది.”

తొమ్మిదిమంది సరే అన్నారు. ఈసారి నిజంగానే అన్నారు. ఇన్నేళ్ళలో నేను విన్న మొదటి నిజమైన సరేలు అవే.

గిల్‌మూన్ గారు, “వద్దు” అన్నారు.

“అన్నయ్యగారూ! మీరు పోయిన వారమే ఒప్పుకున్నారు కదా!”

“ఒప్పుకున్నది ఆడపిల్లని. ఇప్పుడూ ఒప్పుకుంటాను. మగాడంటారేమిటి? నాకు కళ్ళు లేవా?”

“ఆడదని అయితే మా పూర్వీకులు ఒప్పుకోరు.”

“మగాడని అయితే నేను ఒప్పుకోను.”

మధ్యాహ్నం గడిచింది. ఆడదని తొమ్మిదిమంది ఒప్పుకోరు, మగాడని ఒకరు ఒప్పుకోరు. పొద్దు పడమటికి వాలింది. అప్పుడు తెర కదిలింది. రాకుమారి మొదటిసారి బయటికి వచ్చారు. రాళ్ళ మీద నడిచి వెళ్ళి గిల్‌మూన్ గారి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నారు.

“తాతగారూ, ఒక్క మాట. ఒక్క అబద్ధం. నేను కూర్చుంటే ఏం చేస్తానో మీకు తెలుసు. బాబాయి కూర్చుంటే ఏం చేస్తాడో కూడా తెలుసు.”

ముసలాయన ఆవిడ తల మీద చెయ్యి పెట్టారు. “తెలుసమ్మా. కానీ వాళ్ళు నిన్ను కూర్చోబెట్టడం లేదు. ఇంకెవర్నో కూర్చోబెడుతున్నారు. నువ్వు నువ్వుగా రా. ఈ క్షణమే సరే అంటాను.”

“నేను నేనుగా వస్తే వాళ్ళు రానివ్వరు!”

“అప్పుడు తప్పు వాళ్ళది. దీనికి సరే అంటే తప్పు నాది.”

ఆవిడ లేచారు. నావైపు తిరిగారు. “సొక్‌బో, సభ్యుణ్ణి తీసేసే రూలు ఉందా?”

“లేదమ్మా. నిజ ఎముక సభ్యత్వం ప్రాణం ఉన్నంతవరకు.”

“ప్రాణం పోయిందని తేల్చేది ఎవరు?”

“సభ.”

“అప్పుడు ఆయన కూడా ఒప్పుకోవాలా?”

“అక్కర్లేదమ్మా. ఎవరి గురించి చర్చ జరుగుతుందో వారికి ఆ చర్చలో మాట ఉండదు.”

అడిగితే రూలు చెప్పడం నాకు అలవాటు. ఇరవై రెండేళ్ళ అలవాటు. చెప్పి నోరు మూసుకున్నాక గానీ ఏం చెప్పానో నాకు తెలియలేదు.

రాకుమారి గిల్‌మూన్ గారిని చూశారు. ఆయన కూడా చూశారు. ఆయనకు అర్థమైనట్టు లేదు, ఇంకా ఆవిడని ఓదార్చేవాడిలాగే చూస్తున్నారు. ఆవిడ వెనక్కి నడిచి తెర వెనక్కు వెళ్ళిపోయారు. లోపల్నుంచి సన్నగా వినిపించింది.

“కానివ్వండి.”

సుచొన్ గారు ఆలస్యం చెయ్యలేదు. “మన మధ్య ఇంతకాలం మెలిగిన గిల్‌మూన్ గారు స్వర్గస్థులయ్యారని ప్రతిపాదిస్తున్నాను.”

“ఒరే! ఇక్కడే ఉన్నానురా!” అని గిల్‌మూన్ గారు కర్ర ఎత్తారు.

తొమ్మిదిమందీ లేచి నిలబడి తలలు వంచారు. సుచొన్ గారు కళ్ళు తుడుచుకున్నారు. “ఎంత మంచి మనిషి! ఇప్పటికీ ఆయన గొంతు చెవుల్లో వినిపిస్తున్నట్టే ఉంది.”

“అవునవును, కర్ర కూడా కనిపిస్తున్నట్టే ఉంది,” అన్నారు పక్కాయన, కర్ర తగలకుండా పక్కకు జరుగుతూ.

నేను రాశాను. సభ ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ వెంటనే రెండో కాగితం తీసి యున్‌మాన్ గారు పురుషులని రాశాను. సభ ఏకగ్రీవంగా తీర్మానించింది. పొద్దు ఇంకా కొండ మీదే ఉంది. నాకు సిగ్గేసింది. ఆరో తరగతి ఎముకకు సిగ్గు అనుమతి ఉందో లేదో చూసుకునే ఓపిక కూడా లేకపోయింది.

గిల్‌మూన్ గారింట్లో కొడుకులు చావుకి కట్టే జనపనార బట్టలు కట్టుకున్నారు. సభ మాట కాదంటే వాళ్ళ ఎముకలకే ప్రమాదం. రోజూ పొద్దున తండ్రి ఎదుట అన్నం, చారు పెట్టి దండం పెట్టి ఏడ్చేవారు. ఆయన తిట్టుకుంటూ ఆ నైవేద్యం తినేసేవారు. పూర్వీకులు తినడం సిల్లాలో కళ్ళారా చూసింది ఆ ఇంటివాళ్ళే.

పదో రోజున పట్టాభిషేకం. నా అంగీ చేతులు ఒక వేలు వెడల్పు పెరిగాయి. ఎవరూ గమనించలేదు, నేనే చేతులు ఊపుకుంటూ నడిచాను. మండపం గుమ్మం దగ్గర మల్‌జి మహారాజుగారి పట్టు అంగీ మడత పట్టుకుని నిలబడి ఉంది. కావలివాడు ఈటె అడ్డం పెట్టాడు.

“మహారాజుగారి బట్టలు ఆడమనిషి ముట్టకూడదు. ప్రొటోకాల్.”

“పుట్టినప్పటి నుంచీ తొడిగింది నేనేరా!”

“అప్పటి సంగతి అప్పటిది. పుట్టినప్పటి నుంచీ మగవారేనట కదా. అయితే అప్పుడు కూడా నువ్వు ముట్టి ఉండకూడదు. ఇప్పుడు పట్టించుకోవడం లేదు, సంతోషించు.”

అంగీ లాక్కున్నారు. మల్‌జి కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళి బయటి గుమ్మం మెట్ల మీద కూర్చుంది. అక్కడ అప్పటికే ఒక ముసలాయన కర్ర ఆనించుకుని కూర్చున్నారు. ఆయన్ని చూడకూడదని కావలివాళ్ళకు ఉత్తర్వు. వాళ్ళు ఆయన్ని చూడకుండా, ఆయన కాళ్ళు తొక్కకుండా చాలా నేర్పుగా తిరుగుతున్నారు. ఇద్దరి మధ్య నుంచి నేను లోపలికి నడిచాను. “ఏమయ్యా, అమ్మాయి ఎలా ఉంది?” అని ముసలాయన అడిగారు. నేను వినిపించుకోలేదు. చచ్చినవాళ్ళ మాటలు వినడం నా ఉద్యోగంలో భాగం కాదు.

యున్‌మాన్ మహారాజుగారు సింహాసనం మీద కూర్చున్నారు. బాగా కూర్చున్నారు. ఆ కుర్చీ ఆవిడ కోసమే చేసినట్టుందని నాకు అనిపించింది. అందరూ వంగి దండాలు పెట్టారు. సుచొన్ గారు ముందుకొచ్చి ఆ చిన్న కాగితం నా చేతిలో పెట్టి, చదవమన్నారు. నేను గొంతెత్తి చదివాను.

“సిల్లా సింహాసనం మీద ఇంతవరకు ఏ స్త్రీయూ కూర్చుండలేదు గనుక, ఇకమీదట ఏ స్త్రీయూ కూర్చుండరాదని యున్‌మాన్ మహారాజుగారు శాసించడమైనది. తదుపరి వారసుడు సుచొన్ గారి పెద్దకుమారుడు. ఎవరికైనా అభ్యంతరం ఉన్నచో తెలుపవలెను.”

“నాకు ఉంది!”

గొంతు బయటి గుమ్మం దగ్గర్నుంచి వచ్చింది. రాతి వాకిలి దాటి, స్తంభాల మధ్య నుంచి, స్పష్టంగా వచ్చింది. “నాకు ఉందిరా అభ్యంతరం! వద్దు!”

తొమ్మిదిమంది పెద్దలు పైకప్పు చూశారు. పైకప్పు చాలా బాగుంది.

మహారాజుగారు నావైపు తిరిగారు. “సొక్‌బో, ఎవరైనా ఏమైనా అన్నారా?”

ఆ అడగడంలో ఏదో ఉంది. అవునను, ఒక్కసారి అవునను అన్నట్టు ఉంది. లేకపోతే అనొద్దు అన్నట్టు ఉంది. ఇప్పటికీ నేను తేల్చుకోలేకపోతున్నాను.

“లేదు మహారాజా,” అన్నాను.

ఆవిడ చాలాసేపు నన్నే చూశారు. తర్వాత ముద్ర అందుకున్నారు. మొదటిసారి సరిగా పడలేదు, ఎర్రసిరా అలుక్కుపోయింది. రెండోసారి కాగితం కదలకుండా నేను పట్టుకున్నాను.